కొండమీది లింగము – కరస్థలమందలి లింగము

శ్రీ గురుబసవలింగాయ నమః

మాఘ బహుళ చతుర్దశి సమీపించుకొలది వీరశైవ గృహములలో శ్రీశైలయాత్రను గూర్చిన మాట వినవచ్చుచుండును. అట్టి యొక యింట వృద్ధురాలైన అవ్వ మ్రొక్కుబడి ముడుపు విప్పి లెక్క చూచుకొనుచుండగా, చదువుకొన్న మనుమడు దగ్గరకు వచ్చి, "అవ్వా, నీ మెడలోనే లింగమున్నది గదా! దినదినము అరచేత నుంచుకొని పూజించుచున్నావు. మరల కొండమీది లింగము నీకెందుకు?" అని యడుగును. అవ్వ వెంటనే బదులు చెప్పదు. ముడుపు మరల మూటగట్టి, బొడ్డున దోపుకొని, తన పనిలో తాను పడును.

ఆ ప్రశ్న పిల్లవాని పెంకెతనమని త్రోసివేయదగినది కాదు. అది బసవేశ్వరుని మార్గమునకు ఆయువుపట్టును తాకు ప్రశ్న. ఇష్టలింగధారికి దేహమే దేవాలయము. గురువు కరస్థలమందుంచిన లింగమే ఆతనికి సర్వస్వము. అట్టివాడు శిలామయమైన ఆలయమును వెదకికొని పోవుట న్యూనత కాదా? పోకుండుట గర్వము కాదా? ఈ రెండు శంకల నడుమ చిక్కినవారు నేటికిని గలరు. కొందరు యాత్ర చేసినంతనే సర్వమును సిద్ధించెనని తలంచి, ఇంటికి వచ్చి లింగపూజను మరతురు. మరికొందరు ఇష్టలింగము గలదను సాకుతో క్షేత్రమును నిరసించి, ఆ లింగమును సైతము పెట్టెలో దాచుదురు. ఇరువురును త్రోవ తప్పినవారే. త్రోవ యెచ్చటనున్నదో తెలియవలెనన్న శరణుల జీవితములను చూడవలెను.

శరణుల ముద్రలు చెప్పు మాట

12వ శతాబ్దిలో కళ్యాణపురమున బిజ్జలుని కొలువులో భండారియై యుండి, అనుభవమంటపమును నెలకొల్పిన బసవేశ్వరుడు దేవుని మనుష్యుని చెంతకు తెచ్చెను. గుడి కట్టింపగల ధనవంతునకు, గుడివాకిలి దాటలేని దరిద్రునకు నడుమనున్న గోడను కూల్చుటకై ఆయన ప్రతివాని మెడలోను ఒక గుడిని వ్రేలాడగట్టెను. చెప్పులు కుట్టువాడు, పడవ నడపువాడు, బట్టలుదుకువాడు, స్త్రీలు, పురుషులు అందరును సమానముగా లింగధారులైరి. నిలిచియున్న కట్టడము నశించును, నడచు జంగమము నశింపదు అన్నది ఆయన బోధలోని సారము.

అయినను ఒక విశేషమును గమనింపవలెను. బసవేశ్వరుని వచనముల ముద్ర కూడలసంగమదేవుడు. కృష్ణా మలప్రభా నదుల సంగమమున, తాను బాల్యమున విద్య నభ్యసించిన క్షేత్రమందలి దేవుని పేరది. అక్కమహాదేవి ముద్ర చెన్నమల్లికార్జునుడు. సొన్నలిగె సిద్ధరాముని ముద్ర కపిలసిద్ధమల్లికార్జునుడు. ఈ యిద్దరి నాలుకపైనను నిలిచినది శ్రీగిరి మల్లయ్య పేరే. స్థావరమును మించిపొండని బోధించిన శరణులు స్థావరమందలి నామమునే తమ యంతరంగమున ప్రతిష్ఠించుకొనిరి. వారు గుడిని ద్వేషింపలేదు, గుడిని లోనికి గొనిపోయిరి. ఇది తెలిసినవానికి శ్రీశైలయాత్ర యొక్క అర్థము సగము తెలిసినట్లే.

రాజులు కట్టినది

శ్రీశైలము నల్లమల యడవుల నడుమ, కృష్ణకు దక్షిణపు గట్టున సుమారు 1500 అడుగుల యెత్తుననున్న క్షేత్రము. ద్వాదశ జ్యోతిర్లింగములలో నొకటియు, అష్టాదశ శక్తిపీఠములలో నొకటియు ఒకే ప్రాకారమునందు వెలసిన చోటిది. మల్లికార్జునుడును, భ్రమరాంబయు నిచ్చట కొలువై యున్నారు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము ఈ కొండకు నాలుగు ద్వారములుగా ప్రసిద్ధములు. ఒక కొండకు ఇంత దూరపు ద్వారములుండుట యేమనగా, నల్లమల యంతయు ఆ దేవుని ముంగిలి యని పూర్వులు భావించిరన్నమాట.

ఈ కొండ ప్రశస్తి మిక్కిలి ప్రాచీనమైనది. సా. శ. 2వ శతాబ్ది నాటి శాతవాహన పులుమావి కాలపు నాసిక్ శాసనమున పేర్కొన్న పర్వతములలో సిరిటన మనునది శ్రీశైలమే యని చరిత్రకారులు చెప్పుదురు. అటు తరువాత ఎందరో ప్రభువులు ఈ స్వామిని సేవించిరి. 14వ శతాబ్దిలో రెడ్డిరాజైన ప్రోలయ వేముడు యాత్రికులకై మెట్లు కట్టించెను. ముఖమండపము విజయనగర ప్రభువైన రెండవ హరిహరరాయల నాటిది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటి విజయానంతరము ఈ స్వామిని దర్శించెను. ఛత్రపతి శివాజీ 1677లో ఇచ్చటికి వచ్చి సేవించెను. ఉత్తరగోపురము ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది.

ఆలయమును చుట్టియున్న ప్రాకారపు గోడ స్వయముగా ఒక పురాణగ్రంథము వంటిది. ఏనుగులు, గుఱ్ఱములు, వేటలు, అర్జునుని తపస్సు, మార్కండేయుని రక్షణము, భిక్షాటనమూర్తి మున్నగునవి వరుసలు వరుసలుగా రాతిపై చెక్కబడియున్నవి. మల్లెపూవులతో శివు నర్చించిన చంద్రవతి యను రాజకన్య కథయు అందు గలదు. ఆ మల్లెల చేతనే స్వామికి మల్లికార్జున నామము కలిగెనని యొక వాడుక. గ్రంథము చదువ నేర్వనివాడు సైతము ఆ గోడ చుట్టును ఒక ప్రదక్షిణము చేసినచో శివకథలు కన్నులారా చదువుకొన్నవాడగును. అక్షరము రానివానిపై దయ తలచిన శిల్పు లెవ్వరో వారి పేర్లు నిలువలేదు, వారి పని నిలిచినది. కాయకమన నట్టిది.

ప్రజలు కట్టినది

రాజులు కట్టినది రాతితో. ప్రజలు కట్టినది ఆచారముతో. రాతికంటె ఆచారమే ఈ క్షేత్రమునకు ప్రాణము.

మొదటిది ధూళిదర్శనము. ఇతర క్షేత్రములలో భక్తుడు స్నానమాడి, శుచియై, దూరమున నిలిచి దేవుని చూచును. శ్రీశైలమున అడవిదారి నడచివచ్చిన యాత్రికుడు కాళ్ల దుమ్ముతోడనే గర్భాలయమున ప్రవేశించి, తన చేతితో లింగమును ముట్టి, తల యానించి మ్రొక్కుట పూర్వాచారము. కులమేది, ఊరేది యని యడుగువాడు లేడు. నేడు జనసమ్మర్దము చేత స్పర్శదర్శనమునకు వేళలు నియమింపబడినవి. కాని ముట్టు భాగ్యము కులమును బట్టి యుండుట లేదు. భక్తుని కాళ్ల దుమ్ము దేవునికి అపవిత్రము కాదని ఈ కొండ చాటుచున్నది. బసవేశ్వరుడు కళ్యాణమున చాటినదియు నదియే.

రెండవది చెంచుల బాంధవ్యము. నల్లమలలో తరతరములుగా నివసించు చెంచులు స్వామిని చెంచు మల్లయ్య యందురు. స్వామి తమ యాడపిల్లను పెండ్లాడి తమకు అల్లుడయ్యెనని వారి కథ. వేదపండితులకు జ్యోతిర్లింగమైనవాడు అడవిబిడ్డలకు ఇంటియల్లుడు. ఆ రెండు నామములకును ఆయన సమానముగనే పలుకును.

మూడవది ఉగాది నాటి సందడి. కర్ణాటక, మహారాష్ట్ర ప్రాంతముల నుండి వేలకొలది భక్తులు కావళ్లు మోసికొని, దినముల తరబడి కాలినడకన, కొందరు మరగాళ్లపైనను, ఈ కొండకు వత్తురు. వారికి భ్రమరాంబ తమ యాడపడుచు. పుట్టింటివారు కూతురింటికి సారె తెచ్చినట్లు చీరెలు, గాజులు, పసుపు కుంకుమలు తెచ్చి అమ్మ కర్పింతురు. వీరాచారపు నృత్యములు, అగ్నిగుండ ప్రవేశము ఆ దినములలో జరుగును. కన్నడిగుడు తెలుగుకొండపై పుట్టింటి చుట్టముగా నిలుచు ఆ దృశ్యమును చూచినవానికి, భాషలు వేరైనను భక్తి యొక్కటే యని వేరుగా చెప్పనక్కరలేదు.

నాలుగవది పాగా యలంకారము. చీరాల ప్రాంతమునకు చెందిన దేవాంగ కులమువారు దినమునకొక మూర చొప్పున సంవత్సరమంతయు నేసి, 365 మూరల వస్త్రమును సిద్ధపరతురు. మహాశివరాత్రి నాడు లింగోద్భవ సమయమున ఆలయమందలి దీపములన్నియు ఆర్పుదురు. ఆ చీకటిలో నేతగాడు దిగంబరుడై విమాన శిఖరమునెక్కి, అచ్చటి నుండి ముఖమండపముపైనున్న నందుల వరకు ఆ పాగాను చుట్టును. పెండ్లికొడుకైన స్వామికి తలపాగా అది. ఒక సంవత్సరపు కాయకము ఒక రాత్రికి శిఖరమునెక్కును. నేసినవాని రూపము ఎవ్వరికిని కానరాదు, నేసినది మాత్రము అందరికిని కానవచ్చును. కర్త మరుగై కర్మము శివార్పణమగుట యన్నది గ్రంథములలో చదివి తెలిసికొనుట కష్టము. ఆ రాత్రి శ్రీశైలమున తల యెత్తి చూచినచో తెలియును.

మనుమని ప్రశ్నకు అవ్వ బదులు చెప్పలేదని మొదట చెప్పబడినది. ప్రయాణపు నాటి ఉదయమున ఆమె బదులు చెప్పినది: "నాయనా, నా మెడలోని లింగమును నేనొక్కతెనే ముట్టుదును. అక్కడి లింగమును ఎవరెవరు ముట్టుచున్నారో చూచి రావలె. చూచినచో గాని నా లింగము ఎవరెవరికి చుట్టమో నాకు తెలియదు." ఏ శాస్త్రమును చదువని ఆ అవ్వ మాటలో స్థావర జంగమముల సమన్వయమంతయు నున్నది.

మల్లయ్య పిలిచి పంపిన బాలుడు

ఈ సమన్వయమునకు సిద్ధరాముని చరిత్రము కంటె గొప్ప దృష్టాంతము లేదు. నేటి షోలాపురమే నాటి సొన్నలిగె. సిద్ధరాముడు బాలుడై చేనివద్ద నుండగా జంగమరూపమున ఒకడు వచ్చి, తన పేరు మల్లయ్య యని చెప్పి, ఆకలి యనెను. బాలుడు జొన్నకంకులు కాల్చి నలిచి పెట్టెను. అవి తిని కడుపు మండుచున్నదనియు, పెరుగన్నము కావలెననియు ఆతడు కోరగా, బాలుడు ఇంటికి పరుగెత్తి తెచ్చునప్పటికి అచ్చట నెవ్వరును లేరు. మల్లయ్యా, మల్లయ్యా యని చేలగట్ల వెంట ఏడ్చుచు తిరుగుచున్న బాలునకు శ్రీశైలమునకు పోవు యాత్రికులు కనిపించిరి. మల్లయ్యను చూపెదమని వారాతని వెంటబెట్టుకొనిపోయి గర్భాలయమందలి లింగమును చూపిరి. బాలుడు తృప్తి పడలేదు. ఇది నా మల్లయ్య కాడు, నా మల్లయ్య మాటలాడును, అన్నమడుగును అని విలపించుచు లోయలోనికి దుముకబోయెను. అప్పుడు స్వామి ప్రత్యక్షమై చేయి పట్టుకొనెనని చరిత్రలు చెప్పును.

చేయి పట్టుకొన్న స్వామి ఆ బాలుని తనవద్దనే యుండుమనలేదు. సొన్నలిగెకు తిరిగి పొమ్మని, దానిని రెండవ శ్రీశైలము చేయుమని పంపెను. ఇదియే యాత్రయొక్క రహస్యము. కొండ పిలుచుట తన చెంత నుంచుకొనుటకు కాదు, పని చెప్పి తిరిగి పంపుటకు. సిద్ధరాముడు తిరిగి వచ్చి చెరువు త్రవ్వించెను, గుళ్లు కట్టించెను, ఆకలి గొన్నవారికి అన్నము పెట్టించెను. శ్రీశైలమున తన్ను అన్నమడిగిన మల్లయ్యను వెదకినవాడు, సొన్నలిగెలో అన్నమడుగు ప్రతివానియందును ఆ మల్లయ్యనే చూచెను.

కథ అంతటితో ముగియలేదు. అల్లమప్రభువు సొన్నలిగెకు వచ్చి, చెరువు పనివారి యెదుట సిద్ధరాముని తేలికపరచి మాటలాడెను. కోపించి వచ్చిన సిద్ధరామునకు ప్రభువు కనువిప్పు గలిగించెను. చెరువులు త్రవ్వినవాడవే, నీలోని నేనను దానిని త్రవ్వితివా యన్నదే ఆ సంవాదపు సారము. తరువాత సిద్ధరాముడు కళ్యాణమునకు పోయి ఇష్టలింగదీక్షను పొందెను. అల్లమప్రభువు చెరువును పూడ్చివేయుమనలేదు, గుడిని పడగొట్టుమనలేదు. చెరువు త్రవ్వినవాని అహంకారమును మాత్రమే పూడ్చెను. స్థావరమును గూర్చి శరణుల తీర్పు ఇదియే. కట్టడము దోషము కాదు, కట్టితినను భావము దోషము.

కదళీవనము, మల్లమ్మ, వీరశిరోమండపము

అక్కమహాదేవి ఉడుతడి గ్రామమున జన్మించి, రాజైన కౌశికుని వైభవమును విడిచి, చెన్నమల్లికార్జునుడే పతి యని బయలుదేరినది. కళ్యాణమున అల్లమప్రభువు వేసిన కఠిన ప్రశ్నలకు నిలిచి, శరణుల మన్ననలందినది. చివరకు శ్రీశైలపు కదళీవనమున లింగైక్యము చెందినది. ఆమె కొండకు రాక మునుపే కొండమీది దేవుడు ఆమె మాటలలో నుండెను. యాత్ర ఆమెకు వెదకుట కాదు, లోన దొరికినదానిని వెలుపల కలిసికొనుట.

హేమరెడ్డి మల్లమ్మ త్రోవ వేరు. అత్తవారింటి కష్టములను ఓర్చి, గృహకృత్యములనే పూజగా భావించి మల్లికార్జునుని మెప్పించిన సాధ్వి యామె. శ్రీశైలమున ఆమెకు ఆలయము గలదు. మల్లమ్మ కన్నీరను తావును భక్తులు నేటికిని దర్శింతురు. సర్వసంగముల విడిచిన అక్కమహాదేవిని, సంసారమును మోసిన మల్లమ్మను ఒకే కొండ ఒడి చేర్చుకొనినది. విడుచుటయే గొప్పయా, మోయుటయే గొప్పయా యని వాదించువారికి ఆ స్వామి యిచ్చిన సమాధానమిది.

ఆలయప్రాంగణమున వీరశిరోమండపమని యొక కట్టడము గలదు. 14వ శతాబ్దిలో రెడ్డిరాజైన అనవేముడు కట్టించినది. పూర్వకాలమున వీరభక్తులు కొందరు అచ్చట తమ తలలను, నాలుకలను కోసి స్వామికి సమర్పించిరి. వారి తెగువను తలచి ఆశ్చర్యపడుట సహజము. అయినను అచ్చట నిలిచిన నేటి భక్తుడు ఒక్క విషయమును విచారింపవలెను. తల యర్పించుట క్షణకాలపు పని. తలలోని బిరుసును అర్పించుట జీవితమంతటి పని. నాలుక కోసికొనుట కంటె, ఆ నాలుక నుండి పరనిందను, కులనిందను కోసివేయుట కష్టము. బసవేశ్వరుడు కోరినది రెండవ వీరత్వమే.

పండితారాధ్యుడు, పాల్కురికి సోమనాథుడు

తెలుగునాట శైవమును నిలిపిన పండితత్రయములో శ్రీపతి పండితుడు, మంచన పండితుడు, మల్లికార్జున పండితారాధ్యుడు ప్రసిద్ధులు. పండితారాధ్యుని పేరు శ్రీశైల పీఠముతో పెనవేసికొనియున్నది. ఆయన వేదమార్గమును వీడనివాడు, బసవేశ్వరుడు కులభేదమును తెంచినవాడు. మార్గములందు భేదమున్నను, పండితారాధ్యునకు బసవేశ్వరునియందు గల గౌరవము అపారము. ఆయనను దర్శింపగోరి బయలుదేరి, నడుమదారిలో బసవని లింగైక్యవార్త విని దుఃఖించెనని సోమనాథుని కావ్యము చెప్పుచున్నది. భిన్నమార్గమున నడచువానిని గౌరవించుట యెట్లో నేర్వగోరువారు ఈ ఘట్టమును చదువవలెను.

ఆ పాల్కురికి సోమనాథుడే బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును జానుతెనుగున, ద్విపదలో రచించి శరణుల కథలను తెలుగు ప్రజల నోటికందించెను. పండితారాధ్య చరిత్రములోని పర్వత ప్రకరణము శ్రీశైలమును, శివరాత్రికి వచ్చు యాత్రికులను, వారి ఆటపాటలను కన్నుల గట్టినట్లు వర్ణించును. మహాకవి చూపు గోపురములపైననే గాక దారిలో నడచు సామాన్యునిపైనను నిలిచినది. కొండకు శోభ కొండనెక్కువారి వలన నని ఆయన యెఱుగును.

దిగివచ్చునప్పుడు

శ్రీశైలమున సాక్షిగణపతి కలము చేత బట్టి, వచ్చినవారి పేర్లు వ్రాసికొనునని భక్తుల నమ్మకము. కొండకు వచ్చినందులకు ఆ సాక్ష్యము చాలును. కాని కొండ దిగిపోయిన తరువాత భక్తుడెట్లు మెలగుచున్నాడో దానికి సాక్షి యెవ్వరు? ఆతని యింటి వాకిలియే సాక్షి. ఆతని పనివాడు, ఆతని కోడలు, ఆతని పొరుగువాడు సాక్షులు.

శ్రీశైలమున ఏ కులమువాని ప్రక్కన నిలిచి, వాని చేయి తగిలిన లింగమును తానును ముట్టి కన్నులకద్దుకొనెనో, ఆ కులమువాడే తన యింటికి వచ్చినప్పుడు వానికి వేరు చెంబున నీళ్లు పోసినచో, అట్టివాడు శ్రీశైలమునకు పోలేదనియే చెప్పవలెను. వాని కాళ్లు పోయినవి, వాడు పోలేదు. దేవునకు లేని మైల తనకున్నదనుకొనుట దేవునికంటె తాను శుద్ధుడననుకొనుటయే. ఇంతకు మించిన లింగద్రోహము లేదు. బసవేశ్వరుని పేరు చెప్పుకొను ఇండ్లలో సైతము ఈ దోషము కానవచ్చుట బాధాకరము. వెలుపలివారిని నిందించుటకు ముందు వీరశైవుడు తన వంటయింటిని, తన పంక్తిని, తన పెండ్లిసంబంధములను పరీక్షించుకొనవలెను.

అట్లే, స్వామి ముంగిలియైన నల్లమలను చెత్తతో నింపి, స్వామి చుట్టములైన చెంచులను చిన్నచూపు చూచి, గర్భాలయమున మాత్రము కన్నీరు కార్చు భక్తి స్వామికి చేరునా? శిఖరేశ్వరమున తిరుగలిలో నువ్వులు పోసి త్రిప్పుచు, నంది కొమ్ముల నడుమ నుండి ఆలయశిఖరమును చూచినవారికి పునర్జన్మ లేదందురు. నంది కొమ్ముల నడుమ చూపు ఒక్కచోట నిలుచును. ఆ నిలుకడ కొండ దిగిన తరువాతను నిలిచెనా, భక్తుడు ఈ జన్మమునందే క్రొత్తవాడగును.

కనుక ఇష్టలింగధారి శ్రీశైలమునకు పోవచ్చును. పోయి, కొండమీది లింగమును ముట్టి, అది తన కరస్థలమందలి లింగమే యని తెలిసికొనవలెను. తిరిగి వచ్చి, తన కరస్థలమందలి లింగము ఎదుటివాని హృదయమందును గలదని తెలిసికొనవలెను. మొదటి తెలివి యాత్రవలన కలుగును. రెండవది కాయకము వలనను, దాసోహము వలనను కలుగును. పోలేని నిరుపేద తన మగ్గము వద్దనో, పొలము గట్టుననో కూర్చుండి ఆ రెండవ తెలివిని పొందెనా, మల్లయ్యయే కొండ దిగి వాని వద్దకు వచ్చి అన్నమడుగును. సొన్నలిగె చేనిలో నొకనాడు అడిగినాడు గదా!

శ్రీగిరి మల్లికార్జునుని కరుణయు, గురుబసవేశ్వరుని బోధయు సర్వులను కాపాడుగాక. శరణు శరణార్థి.